తుంగచెరువు పిల్లపిట్టలు

పాశమైలారంలో కార్ఖానాలు లేవకముందు యాదన్న తుంగచెరువు కట్ట కింద బర్లు కాసేవాడు. ఉన్న రెండెకరాలూ కార్ఖానాల జాగాలో కలిసిపోయాక, భార్య ముత్యమ్మకు అన్నయిన అంజయ్య పట్టుబట్టి అతన్ని మందుల కంపెనీలో పెట్టించాడు. అంజయ్య ఆ కంపెనీలో సూపర్‌వైజరు. కంపెనీ వెనకాల పెద్ద సిమెంటు గుంట ఉండేది. లోపల మందులు తయారయ్యాక మిగిలే మురికినీళ్లన్నీ అందులోకి వచ్చేవి. ఆ గుంట చూసుకోవడమే యాదన్న పని. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద గీతలు చూసి చెప్పాలి, సున్నం కలపాలి, పైపుల వాల్వులు తిప్పాలి. ఏడో తరగతి చదివాడు కాబట్టి రిజిస్టరు కూడా అతనే రాసేవాడు.

కొలువు చేసినా చెరువు మీద చూపు పోలేదు. డ్యూటీ దిగగానే సైకిలు కట్ట మీదికి తోలి ఓ బీడీ కాల్చుకుంటూ పిట్టల్ని చూసి ఇంటికి పోయేవాడు. అట్లా చూస్తున్నప్పుడే, తొంభై ఒకటో సంవత్సరం కార్తీకమాసంలో, కట్ట మీద మూడుకాళ్ల దుర్భిణి పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి కనిపించాడు. పేరు కామరాజు. సొంతూరు కాకినాడ దగ్గర, హైదరాబాదులో కాలేజీ మాస్టారు. సముద్రపు పిట్టల మీద పరిశోధన చేస్తాడు.

సముద్రపు పిట్టలు పాశమైలారంలో ఏం చేస్తాయన్నది ఎవరికైనా వచ్చే సందేహమే. కానీ చలికాలంలో అక్కడికి ఒక పిట్ట వచ్చేది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నారింజ రంగు ముక్కు. ఆ ముక్కులో కిందిభాగం పైదానికన్నా పొడుగు. నోరు తెరుచుకుని నీళ్ల మీద ఇంచు ఎత్తులో ఎగురుతూ, కింది ముక్కుతో నీళ్లను బట్ట కోసినట్టు కోసుకుంటూ పోయి చేపను పట్టేది. ఊళ్లో దాన్ని కత్తెరముక్కు అనేవారు.

కామరాజు చెరువులో కూర్చున్న పదకొండింటినీ చూస్తూ ఇవి కత్తెరముక్కులేనా, మరి ఇంత మాసిపోయిన రంగులో ఉన్నాయేమిటని పైకే అనుకుంటున్నాడు. యాదన్న బీడీ పారేసి దగ్గరికి పోయాడు.

"అవి పిల్లలు సార్. పెద్దయి ఈడ ఉండయ్. అవి మంజీర ఏట్ల ఉంటయ్."

కామరాజు తల తిప్పి చూశాడు. ప్యాంటు ఖరాబవుతుందని కూడా చూసుకోకుండా కట్ట మట్టి మీద కూర్చుని జేబులోంచి పుస్తకం తీశాడు.

"మళ్లీ చెప్పండి," అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ల యాదన్నను అప్పటిదాకా చదువుకున్నవాళ్లెవరూ "చెప్పండి" అనలేదు. తనకు తెలిసిందంతా చెప్పాడు. ముత్యమ్మ చిన్నమ్మ మల్లవ్వది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. ఆమె చలికాలం రాగానే మంజీర ఇసుకతిప్ప మీద గుడిసె వేసుకుని కర్బూజ, దోస పెట్టేది. చూడ్డానికి పోయినప్పుడల్లా అక్కడ పెద్ద కత్తెరముక్కులు ముప్పైకి పైగా కనిపించేవి. పిల్లలు మాత్రం ఈ చెరువులోనే. చిన్నప్పటి నుంచీ అట్లాగే చూస్తున్నానని చెప్పాడు.

కామరాజు తన సంగతి చెప్పాడు. ఈ పిట్టలు ఎండాకాలం మహానది ఇసుకలో గుడ్లు పెడతాయి. దేశం మొత్తంలోనే ఇప్పుడు కొన్ని వేలు మిగిలాయి. పెద్దవి చలికాలానికి సముద్రం ఒడ్డుకూ, ఇలాంటి కొన్ని నదులకూ వస్తాయని తెలుసు. ఒకసారి ఏ తిప్పకు అలవాటు పడితే బతికినన్నాళ్లూ, పదిహేను ఇరవై ఏళ్లు, అక్కడికే వస్తాయి. పిల్లలు మొదటి చలికాలం ఎక్కడ గడుపుతాయో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఏడు మహానది దగ్గర కొన్ని పిల్లల కాళ్లకు నంబర్లున్న ఎర్ర ఉంగరాలు తొడిగారు.

"పిల్లలు బతికితేనే కదా యాదన్నా, రేపు పెద్దవి ఉండేది. ఆ పిల్లలు మీ చెరువులో ఉన్నాయి."

పోయేముందు అతను మెడలో వేసుకునే చిన్న దుర్భిణి ఒకటి, గీతల పుస్తకం ఒకటి ఇచ్చాడు. వారానికోసారి చెరువూ, ఏరూ రెండూ చూడాలి. పెద్దవెన్ని, పిల్లలెన్ని, ఉంగరం కనిపిస్తే నంబరు రాయాలి. తాను నెలకోసారి వస్తాడు. "మీరు చూసింది చూసినట్టు రాయండి. మీరు రాసిందే నేను రాస్తాను," అన్నాడు.

ఆ తర్వాతి రెండు నెలలు యాదన్న కాళ్లు నేల మీద లేవు. ఆదివారం పొద్దున్నే మంజీరకు సైకిలు తొక్కేవాడు. మల్లవ్వ గుడిసె ముందు కూర్చుని గంటల తరబడి దుర్భిణి పట్టుకుంటే, ఆమె జొన్నరొట్టె తెచ్చి పక్కన పెట్టి, అల్లుడు పెద్ద నౌకరీ చేస్తున్నాడని పక్క గుడిసెలవాళ్లకు చెప్పేది. మిగతా రోజుల్లో చెరువు. పదకొండు పిల్లల్లో ఐదింటికి ఉంగరాలు. నంబర్లు అతనికి కంఠస్థం.

జనవరిలో ఒక సోమవారం మొదటి షిఫ్టు. మురికి గుంట గోడ మీద చివరి గీత కూడా మునిగింది. మురికిని ఎత్తుకుపోవాల్సిన ట్యాంకర్లు వారం నుంచి రాలేదు. లోపల పని ఆపరు. పొద్దున ఏడు గంటలకు అంజయ్య వచ్చి గుంట చుట్టూ తిరిగి, గోడలో పగులు చూశాడు.

"యాదన్నా, వాగు దిక్కు వాల్వు జెర తిప్పు. గోడ కూలితే నీ నౌకరీ, నా నౌకరీ రెండూ పోతయ్," అన్నాడు.

ఆ వాగు చెరువులో కలుస్తుంది; వానాకాలంలో ఆ వాల్వు చాలాసార్లే తిప్పాడు యాదన్న. అప్పుడు వాగు నిండా పారేది, చెరువు అలుగు దూకేది, నీళ్లలో నీళ్లు కలిసిపోయేవి. ఇప్పుడు వాగు ఎండింది. చెరువులో మోకాలి లోతు నీళ్లే మిగిలాయి. ఆ నీళ్లలో పిల్లపిట్టలున్నాయి.

"బావా, చెర్ల నీళ్లు తక్కువున్నయ్," అన్నాడు.

అంజయ్య బాధపడుతున్నట్టే కనిపించాడు. రెండు గంటలు వదిలితే చాలని, గోడకు బరువు తగ్గగానే మూసేద్దామని చెప్పి భుజం మీద చెయ్యి వేశాడు. యాదన్న పిట్టల మాట ఎత్తలేదు. పిట్టల కోసం వాల్వు తిప్పనంటే బావ నవ్వుతాడనిపించింది. తిప్పాడు. రెండు గంటలు కాదు, షిఫ్టు అయ్యేదాకా పారింది.

తర్వాత ఎన్నో ఏళ్లు అతన్ని పీక్కుతిన్నది వాల్వు తిప్పడం కాదు. అది బావ చెప్పిన పని. కంపెనీ పని. కానీ వాల్వు దగ్గరి నుంచి చెరువు కట్టకు సైకిలు మీద పది నిమిషాలు. మురికి అక్కడిదాకా పారడానికి గంట పైనే పడుతుంది. పోయి ఒక్క రాయి విసిరితే పదకొండూ లేచి ఎటో పోయేవి. ఆ ఆలోచన అప్పుడే వచ్చింది కూడా. గేటు దగ్గర పాసు అడుగుతారని, ఎందుకని అడిగితే ఏం చెప్పాలని, కూర్చున్నచోటే కూర్చున్నాడు. చాయ్ తాగాడు. రిజిస్టరులో గుంట మట్టం తగ్గిందని రాశాడు.

మంగళవారం చెరువు మీద నురగ. బుధవారం చేపలు వెల్లకిలా తేలాయి. గురువారం పొద్దున నీటి అంచు బురదలో పిట్టలు పడి ఉన్నాయి. ఏడు. ఒక దానికి ఇంకా ప్రాణం ఉంది. ముక్కు తెరుస్తూ మూస్తూ ఉంది. యాదన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని, బాటిల్లో తెచ్చుకున్న నీళ్లు ముక్కు మీద పోశాడు. అది కాసేపటికి మెడ వాల్చింది. మిగిలిన నాలుగు ఎటు పోయాయో తెలియలేదు.

ఏడింటినీ గోనెసంచిలో వేసుకుని తుమ్మచెట్ల వెనక పూడ్చాడు. నాలుగింటికి ఎర్ర ఉంగరాలున్నాయి. వాటిని బ్లేడుతో కోసి తీశాడు. ఎందుకు తీశాడో అప్పుడు అతనికే తెలియదు. డ్యూటీకి పోయాక జేబులో అవి గుచ్చుకుంటుంటే మురికి గుంటలోకి విసిరేశాడు. విసిరాక అర్థమైంది, తాను దాస్తున్నాడని.

ఆదివారం కామరాజు వచ్చాడు. చెరువు వాసన చూసి ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు. పిల్లలేవని అడిగాడు. అప్పటికింకా చెప్పొచ్చు. చెబితే అంజయ్య నౌకరీ, తన నౌకరీ ఏమవుతాయోనన్న భయం ఉంది. దానికన్నా పెద్దది ఇంకో భయం. ఈ మనిషి ఇంకెప్పుడూ తనను "చెప్పండి" అనడు.

"పెద్దయి ఉన్నకాడికి, ఏటికి పోయినయ్ సార్," అన్నాడు యాదన్న.

కామరాజు ముఖం వెలిగిపోయింది. పిల్లలు మొదట ఎక్కడో దిగి, నడి చలికాలానికి పెద్దవాటిని వెతుక్కుంటూ పోతాయన్నమాట, అందుకే ఎవరికీ విడిగా కనిపించలేదన్నమాట అని గబగబా రాసుకున్నాడు. ఉంగరాలు కనిపించాయా అన్నాడు. యాదన్న పుస్తకం తెరిచి ఏటి పేజీలో నాలుగు నంబర్లు రాసిచ్చాడు. చచ్చినవాటి నంబర్లవి.

ఒక అబద్ధంతో అయిపోయే పని కాదని తర్వాత తెలిసింది. మరుసటి నెల మళ్లీ నంబర్లు కావాలి. మరుసటి చలికాలం కూడా కావాలి. అప్పటికి పిల్లలకు పెద్ద రంగు వచ్చేస్తుంది కాబట్టి ఏటి మందలో కలిసిపోయాయంటే కామరాజు నమ్మాడు. అతను వచ్చిన రోజున కనిపించకపోతే, ఇందాకే పై దిక్కు లేచిపోయాయని యాదన్న చెప్పేవాడు. నమ్మేవాళ్లకు అబద్ధం చెప్పడం ఎంత సులువో అంత బరువు. ఆదివారం మల్లవ్వ పెట్టిన రొట్టె సగం తిని పక్కన పెట్టేవాడు. దుర్భిణి తెచ్చినప్పటి నుంచి అల్లుడు చిక్కిపోతున్నాడని ఆమె ముత్యమ్మతో అన్నదట.

రెండో చలికాలం తొమ్మిది కొత్తపిల్లలు చెరువులో దిగాయి. యాదన్న షిఫ్టుకు పోయేముందు రోజూ కట్ట మీదికి పోయి రాళ్లు విసిరి వాటిని లేపేవాడు. పోయిన ఏడు విసరని రాయి ఇప్పుడు విసురుతున్నాడు. ఎక్కడికి పోతున్నాయో చూద్దామని ఒక సెలవు రోజున ఏటి దగ్గర కాచుకున్నాడు. నిజంగానే మధ్యాహ్నానికి నాలుగు పిల్లలు వచ్చి తిప్ప మీద దిగాయి. దిగీ దిగగానే రెండు పెద్దవి మెడ చాచి, ముక్కు తెరిచి వాటి మీదికి ఉరికాయి. పిల్లలు అవతలి కొసకు జరిగాయి. అక్కడ ఇంకో పెద్దది తరిమింది. గంటసేపు అట్లా తిరిగి తిరిగి, చివరికి లేచి పాశమైలారం దిక్కే పోయాయి. అట్లా ఐదారు ఆదివారాలు చూశాడు. ప్రతిసారీ అంతే.

మంచి చోటు పెద్దలది. పిల్లలకు మిగిలింది మురికి చెరువు. కామరాజు వెతుకుతున్న జవాబు యాదన్న కళ్ల ముందే ఉంది. పుస్తకంలో అది రాయడానికి లేదు. రాస్తే పోయిన ఏటి రాత అంతా అబద్ధమవుతుంది. ఆ రాత్రి పుస్తకంలో "పిల్లలు 9, ఏట్ల, పెద్దవాటితో" అని రాశాడు.

తొంభై మూడులో కామరాజు పరిశోధన పత్రికలో వచ్చిన తన అచ్చు కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాడు. చివరి పేజీలో తన పేరు పక్కన యాదన్న పేరు కూడా వేయించాడు. పిల్లలకైనా పెద్దలకైనా ఆధారం మంజీర ఇసుకతిప్పేననీ, కాపాడాల్సింది దాన్నేననీ, కార్ఖానాల పక్క చెరువులు పిట్టలకు దారిలో మజిలీ మాత్రమేననీ అందులో ఉంది. ముత్యమ్మ ఆ కాగితానికి పసుపు రాసి గోడకు తగిలించింది. యాదన్న ఆ గోడ వైపు వీపు పెట్టి పడుకునేవాడు.

కాగితం ఎక్కడిదాకా పోయిందో ఏడాది తర్వాత తెలిసింది. తొంభై నాలుగు చివర్లో అధికారులు వచ్చి, అరుదైన పిట్టలున్నాయి కాబట్టి తిప్ప మీద సాగు చేయరాదని పద్నాలుగు కుటుంబాల గుడిసెలు పీకించారు. అందులో మల్లవ్వది ఒకటి. మొగుడు పోయాక ముప్పై ఏళ్లు ఆ ఇసుకలోనే కాయ పండించి, తల్లిలేని అంజయ్యనూ ముత్యమ్మనూ ఆ కాయలమ్మే సాకింది. ఆమె నడిచి పాశమైలారం వచ్చి యాదన్న ముందు కూర్చుంది.

"అల్లుడా, నీ సారుకు జెర చెప్పు. మేం పిట్టల జోలికి ఎన్నడన్న పోయినమా? నువ్వు సూడలేదా?" అన్నది.

చెబుతానన్నాడు. కామరాజుకు ఏమీ చెప్పలేదు. నోరు తెరిస్తే ఏది బయటపడుతుందోనని భయం. పది రోజుల తర్వాత ఆమె మళ్లీ వస్తే, "చెప్పిన అత్తా. సారు ఇనలే," అన్నాడు. మల్లవ్వ కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. తర్వాత పాశమైలారంలోనే, ఒరిస్సా నుంచీ బీహారు నుంచీ వచ్చిన కూలీలకు అన్నం వండే షెడ్డులో పనికి కుదిరింది.

గుడిసెలు పోయాయి, పిట్టలు పెరగలేదు. తిప్ప మీద మనుషులు లేకపోయేసరికి ఇసుక లారీలు దిగాయి. అడ్డం నిలబడేవాళ్లెవరూ లేరు. కంపెనీ గుంట నుంచి చెరువుకు మురికి వదలడం మామూలైపోయింది. చెరువును పట్టించుకునే కాగితం ఏదీ లేదు కదా. యాదన్న వాల్వు దగ్గరి పని మార్పించుకున్నాడు. ఇంకొకడు తిప్పాడు. కొత్తపిల్లలు తొమ్మిది నుంచి ఆరుకు, ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఏట్లో పెద్దవి మొదట్లో తగ్గినట్టే అనిపించలేదు. పాతవి పాతచోటికే వస్తూ ఉన్నాయి. చచ్చేవి చచ్చిపోతుంటే వాటి చోటుకు వచ్చేవి లేవని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

తొంభై ఏడు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కామరాజు, యాదన్న ఏటి ఒడ్డున కూర్చున్నారు. తిప్ప సగానికి సగం లారీల్లో పోయింది. మిగిలిన ఇసుక మీద పన్నెండు కత్తెరముక్కులు. కామరాజు జుట్టు బాగా నెరిసింది. ఆ ఏడు రిటైరవుతున్నాడు. పెద్దవే తప్ప పిల్లలు లేవేమిటి, సాగు ఆపించాం, అయినా తప్పెక్కడ జరిగింది అని అడుగుతున్నాడు. యాదన్నను కాదు, ఊరికే ఏటిని చూస్తూ అడుగుతున్నాడు. ఆ కుటుంబాలను లేపి అన్యాయం చేశామేమోనని కూడా అన్నాడు.

ఆ మాట విన్నాక యాదన్న ఇక లోపల దాచుకోలేకపోయాడు. గురువారం పొద్దున బురదలో చూసిన ఏడింటి దగ్గర మొదలుపెట్టి, వాల్వు తిప్పింది, రాళ్లు విసిరింది, పెద్దవి పిల్లల్ని తరిమింది, పుస్తకంలో రాసిందీ రాయనిదీ, మల్లవ్వకు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

కామరాజు మొదట కోప్పడలేదు. అలవాటు కొద్దీ పెన్ను తీశాడు. "పెద్దవి తరిమాయా? ఎన్నిసార్లు చూశారు? ఎంత దూరం తరిమాయి?" అని ఆత్రంగా అడిగాడు. యాదన్న చెప్పబోయాడు. కామరాజు చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మీరు చెప్పేదాన్ని నేనెలా రాయను యాదన్నా?"

అంతే అన్నాడు. తిడితే యాదన్న తట్టుకునేవాడే. జీవితంలో ఒక్కసారి తాను కళ్లారా చూసి తెలుసుకున్న నిజం, ఎవరికీ తెలియని నిజం, తన నోట్లోంచి వచ్చింది కాబట్టే పనికిరాకుండా పోయింది. కామరాజు దుర్భిణి వెనక్కి అడగలేదు. యాదన్నే మెడలోంచి తీసి అతని సంచి మీద పెట్టాడు. బస్సు దాకా కామరాజు ముందు, యాదన్న వెనక నడిచారు.

నెల తర్వాత కామరాజు నుంచి కార్డు వచ్చింది. తాను అచ్చు వేయించిన కాగితం తప్పని ఆ పత్రికకు రాశాననీ, మంజీర లెక్కలన్నీ, సరైనవీ కానివీ కలిపి కొట్టేయమన్నాననీ, ఏది సరైనదో విడదీసే దారి తన దగ్గర లేదనీ రాశాడు. తిప్ప మీది సాగుకు పిట్టలతో తగువు లేదని అధికారులకు కూడా విడిగా రాశాడు. యాదన్న క్షేమం అడగలేదు.

ఆ కార్డు ముత్యమ్మకు చదివి వినిపించక తప్పలేదు. ఆమె ఏడవలేదు. గోడకున్న అచ్చు కాగితం తీసి మడత పెట్టి, ఒక్క మాట అడిగింది.

"మా చిన్నమ్మకు ఎవలు చెప్పాలె?"

మరునాడు షెడ్డుకు పోయాడు. మధ్యాహ్నం అన్నాల వేళ. మల్లవ్వ పెద్ద గిన్నె ముందు నిలబడి గరిటెతో అన్నం వేస్తోంది. కూలీలు "అమ్మా, ఔర్ థోడా" అంటూ ఇంకొంచెం కోసం పళ్లాలు చాపుతున్నారు. వరస అయ్యేదాకా ఆగి, ఆమె పీట మీద కూర్చున్నాక యాదన్న నేల మీద కూర్చుని చెప్పాడు. సారు వినకపోవడం కాదు, తాను చెప్పనే లేదని కూడా చెప్పాడు.

మల్లవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అప్పుడే జెప్తే పద్నాలుగు ఇండ్లోళ్లం నీ ఎన్కనే నిలబడేటోళ్లం. నిన్ను ఎవడు ఏం జేసేటోడు?" అన్నది. మళ్లీ తనే అన్నది. "ఇప్పుడు నాకు జెప్పి నీ మనసు తేలిగ్గ జేసుకుంటున్నవ్. మరి నేనేం జెయ్యాలె?"

ఆమె అంతటితో వదిలిపెట్టలేదు. తనకు చెప్పింది చాలదనీ, సంగారెడ్డి ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాళ్ల ముందు చెప్పాలనీ పట్టుబట్టింది. ఆ శుక్రవారం పద్నాలుగు కుటుంబాల్లో వచ్చినవాళ్లతో కలిసి బస్సెక్కాడు. అధికారి అడిగితే వాల్వు సంగతి, చెరువు సంగతి, తప్పు రాతల సంగతి అన్నీ చెప్పి సంతకం పెట్టాడు. ఎవరు తిప్పమన్నారని అడిగినప్పుడు, తిప్పింది నేనే అన్నాడు. బావ పేరు చెప్పలేదు. అది మంచి పనో, ఇంకో దాపరికమో అతనికి తేలలేదు.

సంతకం సంగతి కంపెనీకి చేరింది. యాదన్నను పనిలోంచి తీసేశారు. అంజయ్య ఇంటి ముందుకు వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, నిన్ను పెట్టించింది నేనని మాత్రం అని పోయాడు. తన పేరు దాచినందుకు మెచ్చుకోలు గానీ, తొందరపడి వాల్వు తిప్పించినందుకు పశ్చాత్తాపం గానీ అతని ముఖంలో కనిపించలేదు. అప్పటి నుంచి ఆ ఇంటికి ఈ ఇంటికి రాకపోకలు లేవు. ముత్యమ్మ రాఖీ పండుగకు అన్న ఇంటి గల్లీ దాకా పోయి తిరిగి వచ్చేది. యాదన్న ముత్తంగి దగ్గర లారీల్లోకి మూటలెత్తే పనికి కుదిరాడు. తుంగచెరువు నీళ్లు చూడ్డానికి ఎవరో వచ్చి సీసాల్లో పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు.

తిప్ప మీద సాగుకు అనుమతి మాత్రం తొంభై ఎనిమిది చివర్లో వచ్చింది. అప్పటికి కొందరు పట్నం పోయారు, ఇద్దరు చచ్చిపోయారు. ఇసుక కూడా మునుపటంత లేదు. ఐదు కుటుంబాలే దిగాయి. మల్లవ్వ మోకాళ్లు వంగడం లేదు. అయినా షెడ్డు పని మానేసి వచ్చి, తన పాత చోటును కట్టెతో గీసి చూపించింది. యాదన్న పలుగూ పారా పట్టుకుని ముందు రోజే వచ్చి ఉన్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఆమె అతన్ని చూసి పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు.

కర్బూజ పెట్టాలంటే ఇసుకలో తడి తగిలేదాకా గుంత తవ్వి ఎరువు నింపాలి. మొదటి గుంతలో దిగి తవ్వుతుంటే, అవతలి కొస నుంచి కత్తెరముక్కులు లేచి నీళ్ల మీదుగా పోయాయి. చెయ్యి దానంతట అదే మెడ దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఎనిమిది పిట్టలు. అన్నీ పెద్దవే. వాటి లెక్క ఇప్పుడు అడిగేవాళ్లెవరూ లేరు. యాదన్న పార మీద గడ్డం ఆనించి అవి మలుపు తిరిగేదాకా చూశాడు.

గుంత ఒడ్డున పీట వేసుకుని కూర్చున్న మల్లవ్వ లోపలికి వంగి చూసింది. మన్నించానని ఆమె ఎప్పుడూ అనలేదు. తర్వాత బతికిన ఆరేళ్లలోనూ అనలేదు.

"ఇంకో మూరెడు తవ్వు. తడి తగల్లే," అన్నది.

యాదన్న వంగి తవ్వాడు.